కొట్టం అవ్వ అడిగిన బాడిగ

మా కొట్టం అవ్వ పోయింది. ఉదయగిరి వైపు నుంచి ఆత్మకూరు గంజి సత్రానికి నడిచొచ్చిన ఒకాయన, వరుసలో నా వెనక నిలబడి ఆ మాట చెప్పాడు. "మీ మేళానికి కొట్టమిచ్చిన ముసలామె రాత్రి పండుకునింది, తెల్లారి లేవలేదు." చేతిలో గంజి ముంత అలాగే ఉండిపోయింది. సిగ్గులేని కడుపు. చల్లారాక తాగాను.

మీలో ఎవరూ ఆమెను ఎరగరు. మాదొక చిన్న వీధినాటకం మేళం. ఈ కరువులో కొందరు చనిపోయారు, కొందరు కాలువ తవ్వకానికి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లం కొత్త వేషాలు నేర్చుకుంటే తప్ప ఆట నిలబడదు. దుత్తలూరు పెద్దలు వాన కోసం ఆట కట్టిస్తామన్నారు, ఆడితే జొన్నలిస్తామన్నారు. ఆడలేకపోతే మేళం చెదిరిపోయినట్టే. కానీ ఆటకు ముందు ఒద్దికలు, అంటే సాధన, చేసుకోవడానికి చోటేది? సత్రంలో గంజి కాస్తున్నారు. గుడి మండపం నిండా దిక్కులేని జనం. ఒక రైతు బాడిగ గింజల్లో ఇమ్మన్నాడు. గింజలే ఉంటే మాకీ తిప్పలెందుకు? ఇంకొకాయన "జనం చస్తా ఉంటే మీకు తైతక్కలేందిరా?" అని తలుపేసుకున్నాడు. ఆయనన్నదీ నిజమే.

ఉదయగిరి కొండ కింది ఊళ్లో ఒక ముసలామె మా వెనకాలే వచ్చి పిలిచింది. "నా కొట్టం ఖాళీగా ఉండాది, రండి నాయనా."

ఆమె ఎడ్లు గడ్డి లేక చచ్చిపోయాయి. పలుపులు మాత్రం గుంజలకే ఉన్నాయి. మేళానికి గురువైన మా అయ్యవారు బాడిగ ఏమివ్వాలని అడిగారు.

"గజ్జెలు కట్టుకొని ఎగరండి అయ్యోరా, అదే బాడిగ. ఎడ్లు పోయినంక ఈడ మువ్వ చప్పుడే లేదు. నిద్ర పట్టడంలా."

అయ్యవారు ఇబ్బందిలో పడ్డారు. మా మేళంలో ఒద్దికకు గజ్జె కట్టరు. ఆటనాడు పళ్లెంలో గింజలు పోసి, వాటి మీద గజ్జెలుంచి పూజ చేశాకే కాలికి కడతారు. ఉత్త పళ్లెంలో పెడితే అశుభం. "గింజలు లేవమ్మా" అని ఆయన తల వంచుకున్నారు.

అవ్వ దూలానికి వేలాడుతున్న కుండ దించి, మూతిగుడ్డ విప్పి, విత్తనాల జొన్నలు పళ్లెంలో ఒంపింది. మాకు నోట్లో నీళ్లూరాయి. పూజ గింజలు ఆటగాళ్లవని ఆనవాయితీ. అయ్యవారు మా చూపులు కనిపెట్టి, పూజ కాగానే గింజలన్నీ మళ్లీ కుండలో పోసేశారు. "ఇవి తినేస్తే రేపు వానొచ్చి ఏం లాభంరా?" అన్నారు.

"వానొస్తే విత్తుకుంటాలే" అంది అవ్వ. "ఎడ్లు లేకపోతే ఏమి, మీరుండారు గదా!" అని నవ్వింది.

ఆమె రోజూ గడపలో కూర్చుని కళ్లు మూసుకుని వినేది. నా అడుగు తప్పితే చాలు, "ఎలపటోడు కుంటతా ఉండాడు" అనేది. ఎలపట అంటే కాడికి కుడివైపు కట్టే ఎద్దు. మేళంలో నాకు ఆ పేరే స్థిరపడింది. మా గంజిలో పాలు పంచుకోమంటే మాత్రం "తిన్యాను పోండి" అని కసిరేది. ఏం తిన్నావవ్వా అంటే చెప్పేది కాదు.

దుత్తలూరులో ఆడాం. వాన రాలేదు. జొన్నల్లో అవ్వకు వాటా ఇచ్చి ఆత్మకూరు దారి పట్టాం.

కబురు తెలిసి అందరం వెళ్లేసరికి ఆమెను మట్టి చేసేశారు. మరిది కొడుకు కొట్టం కప్పు విప్పుతున్నాడు, దుంగలు అమ్ముకుని పిల్లలకు గంజి పోయాలని. మాకు మళ్లీ చోటు లేదు. అతను కుండ తెచ్చి మా ముందు పెట్టాడు. "మీకే ఇమ్మనింది. నన్ను ఒక్క గింజ కూడా ముట్టొద్దని ఒట్టేయించుకునింది."

కుండ నిండుగా ఉంది. మేమిచ్చిన వాటా కూడా అందులోనే పోసింది. అవ్వ ఆకలితో చచ్చిపోయింది. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. తినొచ్చు కదా అవ్వా అని ఆ గోడల మధ్య గట్టిగా అరిచాను.

అయ్యవారు కుండలోని గింజల మీద గజ్జెలు పెట్టి దండం పెట్టుకున్నారు. మూలనున్న విత్తే గొర్రును బయటికి లాగారు.

"కట్టుకోండిరా" అన్నారు.

ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. కాడికి ఎలపట వైపు నేను మెడ పెట్టాను. కప్పులేని కొట్టం పక్క నుంచి, అవ్వ పొడి దుక్కిలోకి, గజ్జెలు మోగుతుండగా గొర్రు కదిలింది.