ఫోటో దిగమన్నారు

మొన్న ఆదివారం ఆసిఫాబాద్ దగ్గర గుట్టల్లో జరిగిన సైకిల్ పందేనికి నన్ను ముఖ్య అతిథిగా పిలిచి, తీసుకుపోవడానికి కారు పంపారు. ఎక్కి కూర్చున్నానో లేదో, పక్కనే ప్లాస్టిక్ సంచి నిండా శాలువాలు, గుప్పుమని కలరా ఉండల వాసన. పైనున్న శాలువాకు ఎవరి మెడలోదో ఎండిపోయిన బంతిపూరేకు అంటుకుని ఉంది. అంటే అది ఇదివరకే ఎవరి భుజాల మీదకో ఎక్కి, ఫోటో అయిపోగానే మళ్లీ మడతపడి సంచిలోకి చేరిందన్నమాట. శాలువాలంటే నాకు రోత. ఇప్పటి రోత కాదు, ఆటల టీచరుగా ఉద్యోగంలో చేరిన కొత్తలో, మొట్టమొదటిసారి ఇవే గుట్టల్లో సైకిల్ పందెంలోకి దిగిన నాటి నుంచీ ఉన్న రోత.

మన ఈడు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు, మా రోజుల్లో ఆడపిల్ల సైకిల్ తొక్కడమంటే సగం తొక్కడం, సగం దిగడం. బాపు, అంటే మా నాన్న, బొగ్గుబాయిలో పనిచేసేవాడు గనక మేము నస్పూర్‌లో క్వార్టర్లో ఉండేవాళ్లం, అక్కడ నన్ను ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. కానీ సెలవులకు కరీంనగర్ పక్కనున్న మా ఊరికి పోతే, బాపు వాళ్ల అన్న, మా పెద్దబాపు, పొద్దస్తమానం అరుగు మీదనే కూర్చుని ఉండేవాడు. ఆయన ముందు నుంచి సైకిల్ మీద పోకూడదు. దూరంలోనే దిగి, తల వంచుకుని, బండిని నడిపించుకుంటూ పోయి, మలుపు తిరిగాక ఎక్కాలి. మరిచిపోయానా, ఒక్కటే కేక, "దిగు!" అని. ఆ మాట చెవిన పడితే చాలు, నాకు చెప్పకుండానే నా కాలు నేల మీద ఉండేది. కుక్కపిల్లకు నేర్పినట్టు నేర్పారు, ఛీ.

గుట్టల్లో పందెం పెడుతున్నారని తెలిసి నేను పేరిచ్చినప్పుడు నా దగ్గర గేర్ల సైకిలే లేదు. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన మేనబావ ఒకటి తెచ్చుకుని, కొన్నాళ్లు ఊరంతా చూసేలా తొక్కి, ఆ మోజు తీరాక దాని మీద లుంగీలు ఆరేస్తుండేవాడు. అదే అడిగి తెచ్చుకున్నాను. సంగతి విని పెద్దబాపు అరుగు మీద పగలబడి నవ్వాడు. "ఆడిపిల్ల గుట్టెక్కుడేందిరా? సగంల దిగుతది సూడు" అన్నాడు. అన్న మాటకు ఎన్నడూ ఎదురు చెప్పి ఎరగని బాపు ఆ సాయంత్రం గొలుసుకు నూనె పెడుతూ, నా మొహం చూడకుండానే, "ముందటొచ్చినా ఎనకొచ్చినా ఫికర్ లేదు బిడ్డా, నడుమల మాత్రం దిగకు" అన్నాడు. పందెం చివర పెద్దబాపును తన పక్కనే నిలబెట్టుకుని చూపిస్తానని కూడా అన్నాడు. నాకు కప్పులూ వద్దు, పేరూ వద్దు, దిగకుండా వస్తే చాలనుకున్నాను.

పందెం రోజు సంగతులు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. జెండా ఊపాల్సిన పెద్దమనిషి రాక మమ్మల్ని ఎండలో నిలబెట్టారు, ట్రాక్ ప్యాంటు వేసుకున్న పాపానికి మా నలుగురైదుగురు ఆడవాళ్లను సంతలో పశువులను చూసినట్టు చూశారు, నా ముందువాడు గుట్కా ఉమ్మితే గాలికి వచ్చి నా మోచేతి మీద పడింది. టేకాకుల మీద చక్రం జారి, వాగులో బురద నోట్లోకి పోయి, పేడలో కూరుకుపోయి, ఎలాగో గుట్ట మొదటికి చేరాను. అక్కడి నుంచి మాత్రం, అబద్ధమెందుకు, స్వర్గమే. మగవాళ్లు ఒక్కొక్కరే దిగి సైకిళ్లు నెట్టుకుంటుంటే నేను చిన్న గేరులో వేసుకుని, పళ్లు బిగబట్టి, వాళ్లను దాటుకుంటూ ఎక్కుతూనే పోయాను. గుండె గొంతులో కొట్టుకుంటున్నా కాలు మాత్రం నేల తాకలేదు.

పైకి చేరీ చేరకముందే కేకలు వినిపించాయి. "దిగు! దిగు! జర దిగు బిడ్డా!" ముందు దారి కొట్టుకుపోయిందేమో, ఎవరైనా పడ్డారేమో అనుకునే లోపే నా కాలు నేల మీద ఉంది. మరుక్షణం మెడ చుట్టూ శాలువా పడింది. ఆ పెద్దమనిషికి ఇంకో ఊళ్లో పెళ్లి ఉందట, చివరిదాకా ఆగలేడట, అందుకని పైకి ముందుగా చేరే ఆడపిల్లను సన్మానించి పోదామని వెనకవైపు బాట గుండా జీపులో ఎక్కి కూర్చున్నాడు. వాళ్లు దిగమన్నది ఫోటో. నేను దిగింది సైకిలు. "ఫోటో దిగమంటే సైకిలే దిగింది పాపం" అని ఒకడు అంటే అందరూ పకపకా నవ్వారు. ఫ్లాష్ పడలేదని ఇంకోటి, కళ్లు మూశానని మరోటి తీశారు. చెమట మీద ఆ ఉన్ని శాలువా, పక్కన అత్తరు కంపు, కళ్లముందే నన్ను దాటిపోతున్న మగవాళ్లు, ఆ వెనకే ఇద్దరు ఆడపిల్లలు. ఫోటో అయిపోయాక ఆ శాలువా అయినా ఉంచారా అంటే అదీ లేదు, పెళ్లిలో ఎవరికో కప్పాలట, భుజాల మీది నుంచి లాక్కుపోయారు. మర్యాద అంటే ఇదా?

నేను కిందికి చేరేసరికే జీపు వాళ్ల ద్వారా కబురు చేరిపోయింది. "జెప్పిన గదా, దిగుతదని" అని పెద్దబాపు మీసం దువ్వుకున్నాడు. బాపు మందలించలేదు. దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా, "ఎందుకు దిగినవ్ బిడ్డా?" అని మాత్రం అడిగాడు. ఫోటో దిగమన్నారని చెప్పాలంటే నాకే అసహ్యం వేసింది, సైకిలు నెట్టుకుంటూ పక్కకు పోయాను. తర్వాత పేపర్లో పడ్డ ఆ ఫోటోను, కన్నతల్లి కదా, అవ్వ అద్దం కట్టించి గోడకు పెట్టి, వచ్చినవాళ్లందరికీ సంబరంగా చూపించేది. అందులో నా ఎడమకాలు నేల మీద ఉన్నది ఎవరికీ కనపడలేదు. బాపు మాత్రం ఉన్నన్నాళ్లూ దానికి వీపు పెట్టే కూర్చున్నాడు.

మొన్న కూడా అదే గుట్ట పైకి, అదే వెనకబాట గుండా, ఈసారి నన్ను జీపులో ఎక్కించారు. వాగు నిండా నీళ్ల ప్యాకెట్లు, చెవులు చిల్లులు పడే పాటలు, నెత్తిమీద తుమ్మెదలా రొద పెడుతూ ఎగిరే కెమెరా. కోతులు కూడా అడవి వదిలి పారిపోయి ఉంటాయి. ఇంతలో హెల్మెట్ పెట్టుకున్న ఒక పిల్ల మగపిల్లల నడుమ నుంచి ఎక్కి వస్తూ కనిపించింది. నిర్వాహకుడు గబగబా శాలువా విప్పి నా చేతిలో పెట్టి, "మేడం, గీ పిల్లను ఆపుదాం, ఒక్క ఫోటో" అంటూ అటు తిరిగి, "దిగు! దిగు!" అని అరిచాడు. నిజం చెబుతున్నాను, ఈ వయసులో, జీపు పక్కన నిలబడి ఉన్న నా ఎడమకాలు ఉలిక్కిపడింది. ఇన్నేళ్లు పిల్లల మీద అరిచి అరిచి మొద్దుబారిన గొంతు ఒక్కసారి లేచింది. "దిగకు! పో బిడ్డా, పో!"

ఆ పిల్ల వాడి మాటా వినలేదు, నా మాటా వినలేదు. మా వైపు చూడనైనా చూడకుండా, నా చీర మీద ఇంత బురద చిమ్మి, దిగువకు దూసుకుపోయింది. శాలువాలు మారలేదు, కప్పే చేతులు మారలేదు, మారిందల్లా ఆ కాలు ఒక్కటే. ఆ పిల్లకు దిగడం ఎవరూ నేర్పలేదు.

నిర్వాహకుడు మొహం మాడ్చుకుని, "పోనీ, మీరన్నా దిగుండ్రి మేడం" అంటూ శాలువా నా మీదికే తెచ్చాడు. తీసి వాడి చేతిలోనే పెట్టాను.

నేను దిగలేదు. ఇంత చిన్న మాట చెప్పుకోవడానికి ఇప్పుడు బాపు లేడు.