ఆరు వరుసల ప్రోగ్రాం

మార్కాపురంలో నీళ్ల పరీక్షల ఆఫీసులో నేను కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరిన ఏడాది, ఎండాకాలంలో జరిగిందిది. చుట్టుపక్కల మండలాల్లోని ప్రతి బోరు ఫలితమూ ఒకే టెక్స్ట్ ఫైల్లో ఒక్కో వరుసగా చేరుతుండేది: మండలం, ఊరు, బోరున్న చోటు, ఫ్లోరైడ్ ఎంతుందో.

ఒకరోజు పొద్దున్నే ఇంజనీరు సారు నా బల్ల దగ్గరికి వచ్చారు.

"అర్ధవీడు మండలంలో ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లన్నీ సాయంత్రానికి కావాలమ్మా. ట్యాంకర్లు ఏ ఊర్లకు పంపాల్నో తేల్చాల."

అంతకుముందు ఫైలంతా ప్రింటు తీసి, ఎర్ర పెన్నుతో గీతలు కొట్టుకుంటూ పోయేవాళ్లట. ఇద్దరు కూర్చున్నా మూడు రోజులు పట్టేదట. నేను డిగ్రీలో నేర్చుకున్న కాస్త పైథాన్‌ను నమ్ముకుని ఆరు వరుసల ప్రోగ్రాం రాశాను. ఫైలు తెరువు, ఒక్కో వరుసా చదువు, అందులో అర్ధవీడు పేరుండి ఫ్లోరైడ్ హద్దు దాటితే ఆ వరుసను వేరే ఫైల్లో రాయి. అంతే.

నడిపితే నాలుగంటే నాలుగు వరుసలొచ్చాయి. అంత తక్కువ ఉండవు. ఫైల్లో వెతికితే, టైపు చేసినవాళ్లు ఆ మండలం పేరును ఇంగ్లీషులో తలా ఒక రకంగా కొట్టి ఉన్నారు. ఆ రకాలన్నీ ప్రోగ్రాంలో చేర్చి మళ్లీ నడిపాను. రెప్పపాటులో పేజీ నిండిపోయింది.

ఎర్ర పెన్నుతో తీసిన పాత జాబితాతో పోల్చి చూశాను. అందులో ఉన్నవన్నీ వచ్చాయి. లేనిది ఒకటి కూడా వచ్చింది: ఆ మండలంలోనే ఉన్న మా ఊరి చర్చి పక్క బోరు. పుట్టినప్పటి నుంచీ మేము తాగింది ఆ నీళ్లే. నాయన మోకాళ్లు వంగక కూలికి పోవడం మానుకున్నది గుర్తొచ్చింది. ఫ్లోరైడ్ ఎక్కువైతే కీళ్లు బిగుసుకుపోతాయి.

వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. "చర్చి కాడ బోరు నీళ్లు తాగద్దు మా."

"ఎవురు చెప్పినారే?" అంది అమ్మ.

"నేనే చెప్తాండా."

సాయంత్రం జాబితా ఇస్తూ మా ఊరి బోరు సంగతి సారుకు చెప్పాను. మర్నాడు ట్యాంకరుతో పాటు సారు కూడా మా ఊరు వెళ్లారు. మధ్యాహ్నం నాయన ఫోన్ చేశాడు.

"ఈ నీళ్లు తాగద్దని బోరుకు ఎర్రరంగు కొట్టించినాడు మీ సారు. దీన్ని పట్టింది మీ పాపేనని పదిమందిలో చెప్పినాడు. ఏంది పాపా, అంత ఫైల్లో ఎట్ల పట్టినావు?"

నేను చెప్పబోయాను.

"ఉండు, స్పీకర్ పెడతా. మీ అమ్మ కూడా వినాల" అన్నాడు.