ఎర్రనీళ్ళలో తడిసిన పసుపు పేజీ

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఇలాంటివి రాసేవాళ్ళు చాలామంది ఈ మాట చెప్పి, వెంటనే "కానీ" అంటారు. నా దగ్గర ఆ "కానీ" లేదు. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. జరిగింది మాత్రం జరిగింది. దాన్ని ఉన్నదున్నట్టు రాయొద్దని అప్పట్లో నాకు గట్టిగా చెప్పారు కాబట్టి, ఇప్పుడు ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

మాది నరసాపురం. నాన్నగారు లూథరన్ బడిలో టీచరు, అమ్మ లేసు అల్లేది. పెళ్ళయ్యాక రాజమండ్రి వచ్చాను. మా ఆయన ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఆ జీతం ఎక్కడికీ చాలక, తొంభైల చివర్లో నేను కూడా ఉద్యోగంలో చేరాను. సముద్రంలో చమురు తీసే రిగ్గులకు మనుషుల్ని చేరవేసే హెలికాప్టర్ల కంపెనీ అది. కోరుకొండ రోడ్డు దాటి, ఎయిర్‌పోర్టులో ఒక మూల హెలికాప్టర్లు నిలిపే వాళ్ళ పెద్ద షెడ్డు, హ్యాంగరు, ఆ హ్యాంగరుకి ఆనుకుని ఒక గది. ఆ గదే టెక్నికల్ లైబ్రరీ.

లైబ్రరీ అంటే నవలలు ఉంటాయనుకునేరు. హెలికాప్టర్‌లో ఏ భాగాన్ని ఎన్ని గంటలకు విప్పాలి, ఏ బోల్టు ఎంత బిగించాలి, అన్నీ చెప్పే మాన్యువల్స్ ఉంటాయి. లావుపాటి ఫైళ్ళు, రింగుల్లో గుచ్చిన పేజీలు. ఇంజనీరు ఎంత సీనియర్ అయినా ఆ పేజీ ముందు పెట్టుకునే పని చెయ్యాలి. గుర్తుంది కదా అని చేస్తే ఒప్పుకోరు.

ఆ పేజీలు మారుతూ ఉంటాయి. హెలికాప్టర్ తయారుచేసిన విదేశీ కంపెనీ కొత్త పేజీలు పంపుతుంది. వాటిని రివిజన్ అంటారు. పాత పేజీ తీసెయ్యాలి, కొత్తది గుచ్చాలి, తీసినవారూ పెట్టినవారూ ఫైలు ముందున్న రికార్డులో సంతకం చెయ్యాలి. మధ్యలో అర్జంటుగా ఏదైనా మార్పు వస్తే పసుపు రంగు కాగితం మీద వస్తుంది. అది తాత్కాలికం. తర్వాత వచ్చే రివిజన్‌లో ఆ మార్పు కలిపేస్తే, "ఈ పసుపు పేజీలు తీసెయ్యండి" అని పై కాగితంలో రాస్తారు. రాయనిదాన్ని ముట్టుకోకూడదు.

ఇదంతా నాకు నేర్పింది సోమయాజులు గారు. కోనసీమ మనిషి, ఆ గదికి నాకన్నా ముందు ఇన్‌ఛార్జి. నన్ను సహాయకురాలిగా తీసుకున్నారు. పని విషయంలో ఆయనంత ఖచ్చితమైన మనిషిని నేను చూడలేదు. వచ్చిన ప్రతి పేజీ మీదా వేసే మా బేస్ ముద్ర, అంటే మా ఆఫీసు ముద్ర, మాత్రం ఎప్పుడూ ఎడమపక్కకి ఒరిగేలా వేసేవారు. ఎన్నిసార్లు నవ్వినా అదే ఒరుగుడు.

ఆయనకి ఒక్క చాదస్తం ఉండేది. తీసేసిన పాత పేజీలు ఎవరి చేతికీ దొరక్కుండా నాశనం చెయ్యాలని రూలు. నేనైతే కత్తెరతో ముక్కలు చేసి వెనక డ్రమ్ములో కాల్చేదాన్ని. ఆయన కాగితం చించేవారు కాదు. పేజీలన్నీ మూట కట్టి, చిరిగిపోయిన పురాణం పుస్తకాన్ని గోదావరిలో కలిపినట్టు, ఇంటికి వెళ్తూ పుష్కరాల రేవులో కలిపేసేవారు.

"ఇదేమైనా భగవద్గీతా అండీ? చేపలు చదువుకుని హెలికాప్టర్లు బాగుచేసుకుంటాయా?" అన్నాను ఒకసారి.

"అక్షరం ఏ భాషదైనా అక్షరమేనమ్మా సలోమీ. నిప్పులో వెయ్యడానికి నాకు చెయ్యి రాదు. గోదారమ్మ దగ్గరికెళ్ళింది మళ్ళీ ఎవరి చేతికి దొరుకుతుంది చెప్పు?" అన్నారు.

ఒక చలికాలంలో ఆయన నిద్రలోనే పోయారు. ఇంట్లోనే, గుండెపోటు. ఏ ప్రమాదమూ కాదు, ఏ రహస్యమూ లేదు. చాలా ఏడ్చాను. తర్వాత తాళంచెవి నాకు వచ్చింది.

ఆ తర్వాతి మే నెల. రోహిణి ఎండలు. ఒక హెలికాప్టర్‌ని పెద్ద చెకింగ్ కోసం హ్యాంగరులోకి తెచ్చారు. ఆ పని చూసే ఇంజనీరు ప్రసాదరావు గారికి ఒక మాన్యువల్ కావాలి. మధ్యాహ్నం భోజనం చేసొచ్చి, గది తాళం తీసి ఆ ఫైలు అందుకున్నాను. అడుగున చేతికి తడి తగిలింది.

తెరిచి చూస్తే, తోక రోటర్‌కి, అంటే తోక చివర తిరిగే చిన్న రెక్కలకి, సంబంధించిన చోట ఒక పసుపు పేజీ. తడిసి ముద్దయి ఉంది. దాని ముందు పేజీ, వెనక పేజీ పొడిగా ఉన్నాయి. ఏసీ కారిందేమో అని పైకి చూశాను. ఏసీ ఉన్నది ఎదురుగోడకి.

నాకు ఒళ్ళు మండింది. ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాను. రికార్డులో లేని పేజీ పుస్తకంలో ఉండకూడదు. తీసేశాను, కత్తిరించాను, ముక్కలు చెత్త కవర్లో పడేశాను. చదివి చూడలేదేం అని ఆ తర్వాత చాలామంది అడిగారు. రికార్డులో లేనిది చదవడం నా పని కాదు, తియ్యడం నా పని. ఇప్పుడైనా అదే చేస్తాను.

మర్నాడు పొద్దున్న గది తెరిచి, ముందురోజు సాయంత్రం తిరిగొచ్చాక పేజీలు చూసి లోపల పెట్టిన ఆ ఫైలే తీశాను. అదే చోట అదే పసుపు పేజీ. తడిగా, నిండుగా, చెక్కుచెదరకుండా ఉంది.

చెత్త కవరు బల్ల మీద బోర్లించాను. నిన్నటి ముక్కలన్నీ ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి పేర్చాను. పేజీ మొత్తం వచ్చింది. పక్కన కొత్తగా వచ్చిన పేజీ పెట్టి చూశాను. రెండింటి మీదా కిందిమూల మా బేస్ ముద్ర, ఎడమపక్కకి ఒరిగి ఉంది. అదే ఊదారంగు, అదే ఒరుగుడు, ముద్ర అంచు పడని చోటు కూడా రెండింటిలో ఒకటే. మాకు ప్రతి పేజీ ఒక్క కాపీయే వస్తుంది.

అప్పుడు వాసన చూశాను. గోదావరి ఒడ్డున పెరిగినవాళ్ళకి ఆ వాసన ఎవరూ చెప్పక్కర్లేదు. వరద నీళ్ళ వాసన. రింగుల దగ్గర సన్నగా ఎర్రటి ఒండ్రు పట్టి ఉంది. మే నెలలో గోదావరిలో ఎర్రనీళ్ళు ఉండవు. ఇసుకమేటలు తేలి, ఉన్న కాసిని నీళ్ళూ తేటగా ఉంటాయి. ఆ మట్టి తెచ్చి పూద్దామన్నా ఆ రోజుల్లో దొరకదు.

భయమేసింది. భయమేసిందని చెప్పడానికి నాకు నామోషీ లేదు. భయపడటం వేరు, నమ్మడం వేరు.

కుర్చీలో కూర్చుని ఆ పేజీ చదివాను. తోక రోటర్‌ని తిప్పే పొడుగాటి కడ్డీ, అంటే షాఫ్టు మీద ఒక బేరింగ్ ఉంటుంది; అది పాడైతే హెలికాప్టర్ గాల్లో అదుపు తప్పుతుంది. దాన్ని మార్చాల్సిన గడువు తగ్గించారని ఆ పేజీ చెబుతోంది. మా ఫైల్లో ఉన్న తెల్ల పేజీలో పాత గడువే ఉంది. రికార్డు తీశాను. కిందటి వరదల కాలంలో వచ్చిన రివిజన్‌కి పసుపు పేజీలన్నీ తీసేసినట్టు సోమయాజులు గారి సంతకం. రివిజన్ పై కాగితం తీసి, తీసెయ్యాల్సిన పసుపు పేజీల పేర్లు వేలు పెట్టి చదివాను. ఈ పేజీ పేరు అందులో లేదు.

తియ్యకూడని పేజీ తీశారాయన. తీసి, మూట కట్టి, వరద గోదావరిలో కలిపేశారు.

వెంటనే ఫైలు అట్ట మీద కార్డు తిప్పాను. "ఈ పుస్తకం తాజాగా ఉంది" అని నా సంతకంతో ఉండే కార్డు అది. దాన్ని తిప్పేస్తే ఆ పుస్తకం చూసి ఎవరూ పని చెయ్యడానికి లేదు. హెలికాప్టర్ కదలదు. అది మర్నాడు పొద్దున్నే రిగ్గుకి మనుషుల్ని తీసుకెళ్ళాలి.

బేస్ మేనేజర్ గారు ఊగిపోతూ వచ్చారు. ఆయన చెడ్డమనిషేం కాదు, పైనుంచి ఒత్తిడి. జరిగిందంతా చెప్పాను.

"ఏంటండీ ఇది? దెయ్యమొచ్చి కాగితం పెట్టిందని మెషీన్ ఆపమంటారా?"

"దెయ్యం మాట నేననలేదండి, మీరే అన్నారు. ఈ పేజీ చెల్లుతుందో లేదో తయారుచేసిన కంపెనీకి ఫ్యాక్స్ పెట్టి అడగండి. చెల్లదని వాళ్ళంటే ఇప్పుడే సంతకం పెడతాను."

"జవాబొచ్చేసరికి రేపవుతుంది. రేపు ఫ్లైట్ లేకపోతే పై ఆఫీసుకి ఏం చెప్పమంటారు? ఆ కార్డు మీద సంతకం పెట్టండి. లేకపోతే ఎల్లుండి నుంచి ఆ కుర్చీలో ఇంకొకరు ఉంటారు."

"వాళ్ళ చేతే పెట్టించుకోండి."

అనేశాను గానీ, ఆ ఉద్యోగం పోతే మా ఇల్లు గడవదు. మా ఆయన ముఖం, బియ్యం డబ్బా, అన్నీ కళ్ళముందు తిరిగాయి. అయినా సరే, పెట్టలేదు. ప్రసాదరావు గారు అంతసేపూ గుమ్మం దగ్గరే నిలబడి విన్నారు. "పుస్తకం లేకుండా నేనూ పని చెయ్యను సార్," అని స్పానర్ల పెట్టె మూసేశారు. మేనేజర్ గారు మా ఇద్దర్నీ తిట్టుకుంటూ వెళ్ళి ఫ్యాక్స్ పెట్టారు.

ఈలోపు సంగతి హ్యాంగరంతా పాకింది. భోజనం చేసొచ్చేసరికి లైబ్రరీ తలుపుకి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి ఉన్నాయి. దండ తెంపాను. నిమ్మకాయలు రెండూ పిండి షర్బత్ చేసుకుని తాగాను. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. సాయంత్రం ఫోన్లో అమ్మ, "పాస్టరు గారిని పిలిచి ఆ గదిలో ప్రార్థన చేయించుకోవే," అంది. "ఆ గదికేం జబ్బు చెయ్యలేదమ్మా," అన్నాను.

మర్నాడు జవాబు వచ్చింది. ఆ పసుపు పేజీ ఇంకా అమల్లోనే ఉంది. కిందటి రివిజన్‌లో దాన్ని కలపలేదు.

బేరింగ్ విప్పి చూస్తే ముక్కలైపోయి ఉందని రాస్తే ఇది సినిమా అవుతుంది. కొత్తదానిలా ఉందని రాస్తే మీరు నవ్వుకుంటారు. నిజం ఏమిటంటే, కొత్త గడువు ప్రకారం దాన్ని మార్చాల్సిన సమయం దాటిపోయింది, తిప్పితే గరగరమంది. ప్రసాదరావు గారు దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. అప్పుడు ఏడ్చాను. భయంతో కాదు, కోపంతో. ఎవరి మీద కోపమో నాకే తెలియదు.

తర్వాత ఢిల్లీలో విమానాల భద్రత చూసే ప్రభుత్వ ఆఫీసుకి రిపోర్టు పంపాలి. మేనేజర్ గారు ఒక ముసాయిదా తెచ్చారు. రోజువారీ పరిశీలనలో పేజీ లేని సంగతి బయటపడిందని ఉంది. పోయినాయన పేరు ఎందుకులెమ్మని ఆయన పేరూ లేదు.

"ఇలా జరగలేదు కదండీ," అన్నాను.

"మరి ఎలా రాస్తారు? నలుగురూ నవ్వరూ?"

"నవ్వనివ్వండి. తీసింది సోమయాజులు గారు. ఆయన బతికుంటే ఆయనే రాసుకునేవారు. పేజీ తిరిగి దాని చోట తడిగా కనబడింది. పెట్టిందెవరో తెలియదు. నేను ఇంతే రాస్తాను."

అంతే రాశాను. ఆ తడి పేజీని, కత్తిరించిన ముక్కల్ని రిపోర్టుకి జతచేసి పంపాను. వాటికి జవాబు రాలేదు. తయారుచేసిన కంపెనీ పంపిన కొత్త పసుపు పేజీ గుచ్చి, "పెట్టినవారు" అన్నచోట నా సంతకం చేశాను.

ఎవరో కావాలని చేశారంటారా, అనండి. గది తాళంచెవి నా నడుముకి ఉంది. రెండోది సెక్యూరిటీ దగ్గర సీలు వేసిన కవర్లో ఉంది, సీలు తియ్యలేదు. కత్తిరించిన పేజీ మళ్ళీ ఎలా వచ్చిందో, ఎండాకాలంలో ఎర్రనీళ్ళు ఎక్కడివో చెప్పగలిగిన మనిషి ఇప్పటివరకు నాకు ఎదురుపడలేదు. నేనూ చెప్పలేను. చెప్పలేనంతమాత్రాన దెయ్యం అని ఒప్పుకోవాలా? ఒప్పుకోను.

ఆ తడి పేజీకి కూడా రికార్డులో ఒక వరస వేశాను. పుస్తకంలో కనబడిన ప్రతి పేజీకి వరస ఉండాలి. "తీసినవారు" దగ్గర నా సంతకం ఉంది. "పెట్టినవారు" దగ్గర ఖాళీ. తనిఖీకి వచ్చిన ప్రతి ఆఫీసరూ అక్కడ వేలు పెట్టి, ఇదేంటమ్మా, ఒక సంతకం పడేస్తే పోతుంది కదా అనేవారు. నేను పెట్టని పేజీకి నేనెందుకు సంతకం పెడతాను? ఆ ఉద్యోగం మానేసేదాకా పెట్టలేదు.

ఏ పేజీ గుచ్చినా ముందు సంతకం చెయ్యమ్మా అని నాకు నేర్పిన మనిషి ఒక్కరే. ఆయనే అయితే, అంత దూరం వచ్చి, ఆ ఒక్క సంతకం చెయ్యకుండా ఎలా వెళ్ళిపోయారో నన్ను అడక్కండి.