ఖాదర్ సాబ్ వదులుకున్న పెద్దరికం

నిన్న వంటింట్లో కోడలు లవంగాలు వేయిస్తుంటే ఆ ఘాటుకు ఖాదర్ సాబ్ గుర్తొచ్చారు. ఆయన బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. 1940ల చివర సూర్యాపేట బడిలో ఆయన హెడ్మాస్టరు, నేను ఆయన చేతి కింద కొత్త పంతులును. ఒకసారి లెక్క తప్పిన పిల్లవాణ్ని గద్దిస్తుంటే నన్ను పక్కకు పిలిచి, "వాడు గట్ల ఎందుకు చేసిండో ముందు అడుగు. కోపం మిగిలుంటే తర్వాత సూద్దాం" అన్నారు. పాఠం చెప్పడం నాకు అబ్బింది ఆయన దగ్గరే.

నిజాం పాలన పోయాక బడిలో చదువు ఉర్దూ నుంచి తెలుగులోకి మారింది. ఖాదర్ సాబ్ తెలుగు గలగలా మాట్లాడేవారు గానీ చదవడం, రాయడం రావు. మిర్యాలగూడలో ఉర్దూ బడికి హెడ్మాస్టరుగా పొమ్మని పైవాళ్లు అడిగారు. ఆయన పోనన్నారు. ఇక్కడే మామూలు పంతులుగా ఉంటానని, తన స్థానంలో నన్ను పెట్టమని ఇన్‌స్పెక్టరుకు చెప్పారు.

నాకు పని నేర్పిన మనిషికి నేను పెద్దనెలా అవుతానని కంగారుపడ్డాను. అప్పుడే కోదాడ బడిలో ఒక పంతులు పని ఖాళీ ఉందని తెలిసింది. ఆ సాయంత్రమే ఖాదర్ సాబ్ ఇంటికి వెళ్లాను.

"నేను కోదాడ పోత సాబ్. మీకు పని చెప్పుడు నాతోని కాదు."

"నువ్వు గూడ పోతే పిల్లల గతేంది? సగం చదువుల ఇడిసిపెట్ట బుద్ధిగాకనే గదా నేను మిర్యాలగూడ పోలే."

"నేనే మిమ్ముల దించిన్నంటరు జనం."

"అంటరు. నన్నూ ఏదో ఒకటి అంటరు. జర ఓర్సుకుందాం."

పరదా వెనక నుంచి ఆయన భార్య అన్నారు: "గిట్ల అంటరు గని, అన్నం సక్కగ తింటలేరు బాబూ." ఆయన తల దించుకున్నారు. ఆ నిర్ణయానికి ఆయన ఎంత నలిగిపోయారో నాకప్పుడు అర్థమైంది. ఇక కోదాడ మాట ఎత్తలేదు.

హెడ్మాస్టరుగా మొదటి రోజు నేను బడి లోపలికి రాగానే అందరితో పాటు ఆయనా లేచి నిలబడ్డారు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. "పిల్లలు సూస్తుండ్రు. పని చెప్పుండ్రి సార్" అన్నారు మెల్లగా. అంతవరకు నన్ను పేరు పెట్టి పిలిచిన మనిషి. పెద్ద క్లాసు లెక్కలు ఆయనకే అప్పగించాను. బడి వదిలాక నా దగ్గర కూర్చుని తెలుగు అక్షరాలు దిద్దేవారు. వంకర పోయిన ప్రతిసారీ పకపకా నవ్వేవారు.

కొన్నేళ్లకు మిర్యాలగూడలో పెద్ద బడికి హెడ్మాస్టరుగా నన్ను రమ్మన్నారు పైవాళ్లు. పరీక్షలు దగ్గరపడ్డాయి, అవి అయ్యాక వస్తానన్నాను. వాళ్లు ఆగలేదు, ఆ పదవి వేరొకరికి ఇచ్చారు. ఇంట్లో చిన్నబుచ్చుకున్నారు, నాకూ మనసు కలుక్కుమంది. కానీ ఆ ఏడు మా బడి పిల్లలను పరీక్షకు నేనే వెంటబెట్టుకుని వెళ్లాను.