రీసెట్ నొక్కని మధ్యాహ్నం

నా కంప్యూటర్ చదువంతా హనుమకొండ లైబ్రరీలో జరిగింది. ఒకపక్క ఇంగ్లీషు పుస్తకం, ఇంకోపక్క నిఘంటువు. ఆ చదువుతోనే ఎనభైల చివర్లో ఒక కాలేజీ కంప్యూటర్ గదిలో ఆపరేటర్‌నయ్యాను. ఆ మాట చెప్పుకోవడం నాకిప్పటికీ ఇష్టమే. అయితే ఆ చదువును నమ్మాలో వద్దో తెలియని మధ్యాహ్నం కూడా ఒకటుంది.

ఒక లెక్చరర్ మేడం పరిశోధన లెక్కలన్నీ మా మెషీన్ డిస్కులో ఉండేవి. టేపు డ్రైవు చెడిపోవడంతో వేరే కాపీ లేదు. ఆ రోజు ఆమె ప్రింటుకు ఆదేశమిచ్చి భోజనానికి వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి టెర్మినళ్ళన్నీ బిగుసుకుపోయి ఉన్నాయి.

"రీసెట్ కొడదామా తమ్మీ?"

"వద్దు మేడం. డిస్కు మీద రాయాల్సింది ఇంకా మెమొరీలనే ఉండొచ్చు. ఇప్పుడు కొడితే సగంల ఆగిపోతది."

"అంటే నా లెక్కలు?"

నేను కుర్చీని మెషీన్ తెర ముందుకు లాక్కున్నాను.

మెషీన్‌లో ప్రతి పనినీ నడిపించే ప్రోగ్రాము కెర్నెల్. దాన్ని ఆపి, ఒక్కొక్క ఆదేశాన్నే నడిపించి చూపించేది డీబగ్గర్. దాన్ని ముందే ఎక్కించి ఉంచాను కానీ, అప్పటిదాకా సాధన చేసింది కాగితం మీదే. మెషీన్ వెనక బొత్తాం నొక్కగానే తెర మీద అంకెలు వచ్చాయి. మెమొరీని చూడటానికి కొట్టే అక్షరం, మార్చడానికి కొట్టే అక్షరం కీబోర్డు మీద పక్కపక్కనే ఉన్నాయి. చెమట పట్టిన వేలును చొక్కాకు తుడుచుకున్నాను.

మా బాపు మగ్గం నేసేవాడు. "పోగు తెగితే కొస దొరికేదాంక మగ్గం కదిలియ్యద్దురా" అనేవాడు. అదే తలచుకుంటూ కెర్నెల్‌తో ఒక్కో అడుగు వేయించాను. కాసేపటికి ఇందాక తెర మీద చూసిన మెమొరీ చిరునామాయే మళ్ళీ వచ్చింది. ఆ తర్వాతా అదే. అక్కడి ఆదేశాలు చదివాను: కెర్నెల్ ఒకేచోట తిరుగుతోంది, "సిద్ధమా?" అని ప్రింటర్‌ను అడుగుతూ. జవాబు వచ్చేదాకా అది మరే పనీ చూడదు.

తల తిప్పి చూశాను. ప్రింటర్ మీద ఉతికిన తువ్వాల కప్పి ఉంది.

"కాకా, దీన్ని బంద్ చేసినవా?" అని, అప్పుడే అన్నం తిని వచ్చిన అటెండర్‌ను అడిగాను.

"అన్నానికి పోంగ రోజు చేస్త గద బిడ్డా. ఆ యాళ్లకు ఎవ్వరు ప్రింటు కొట్టరాయె. ఉత్తగ వేడెక్కుతది."

ఆన్ చేస్తే ఆ తిరుగుడు ఆగుతుందో, ఇంకేదైనా చెడుతుందో పుస్తకంలో లేదు.

"ఆన్ చెయ్యి కాకా."

"నువ్వే చెయ్యరాదు? పేలుతదా ఏంది?"

"నేను ఈ కీబోర్డు కాడికెళ్ళి లేవరాదు."

ఆయన తువ్వాల మడిచి భుజాన వేసుకుని స్విచ్ వేశాడు. కెర్నెల్‌ను వదలమని డీబగ్గర్‌కు ఆదేశమిచ్చాను. ప్రింటర్ ఒక్కసారిగా కీచుమంది, మేడం ఉలిక్కిపడ్డారు. టెర్మినళ్ళలో కదలిక వచ్చింది. ఆమె ఫైలు తెరిచి చివరి పేజీదాకా చూశారు. "ఉన్నయ్," అన్నారు మెల్లగా. అప్పటికి గాని నేను కుర్చీలో వెనక్కి ఆనుకోలేదు.

కాగితాలు బయటికి వస్తుండగా కాకా భుజం మీది తువ్వాల తీశాడు.

"ఇగ కప్పాల్నా?"

"వద్దు!" అని ఇద్దరం ఒక్కసారే అరిచాం.