స్విచ్చికి తొడుగు

మా పిన్ని దర్జీ. ఇంట్లో ఏ వస్తువూ బట్ట లేకుండా ఉండటానికి వీల్లేదు. మిక్సీకి గౌను, టీవీకి దుప్పటి, చివరికి గోడ గడియారానికి కూడా అంచు కుట్టిన తొడుగు. టైము చూడాలంటే తొడుగు ఎత్తాలి. నవ్వితే, "దుమ్ము నువ్వొచ్చి తుడుస్తావుటే?" అంటుంది.

తను కుట్టు నేర్పే బడి మూతపడ్డాక, పిన్ని వెనక గదిలో ఫోను నిలబెట్టి వీడియోలో పాఠాలు చెబుతోంది. హాల్లో వైఫై రౌటరు ఒకటి ఉందే, దాని తస్సదియ్యా, సరిగ్గా కత్తెర గుడ్డమీద ఆనే వేళకే బొమ్మ బిగుసుకుపోయేది. నేర్చుకునేవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. మిగిలినవాళ్ళు తేల్చి చెప్పేశారు: "టీచర్‌గారూ, శనివారం కాలరు పాఠం కూడా ఇలాగే ఆగితే మేం వేరేచోట చేరతామండీ." పిన్ని పైకి నవ్వింది గానీ ఆ పూట తిండి సహించలేదు. పాఠం చెప్పడమంటే ఆవిడకు ప్రాణం.

కొత్తది కొనమన్నాను. బాగుచేయగల వస్తువును పారేయడం ఆవిడ ఇంటా వంటా లేదు. "పెట్టె గట్టిదేనే. లోపలి కుట్టే వదులైంది. విప్పి మళ్ళీ కుడదాం" అంది.

లోపలి కుట్టంటే ఫర్మ్‌వేర్, రౌటరును నడిపించే ప్రోగ్రాం. కంపెనీ దాని ఆలనాపాలనా ఎప్పుడో మానేసింది. ఎవరో ఔత్సాహికులు పాత రౌటర్లకోసం వేరేది రాసి ఉచితంగా పెట్టారు. పిన్ని రౌటరును బోర్లించి, అడుగునున్న మోడల్ నంబరు తాను చదివి, నాచేతా చదివించింది. "కొలత తప్పితే గుడ్డ దండగ." సరిపోయే ఫైలూ, తేడా వస్తే ఏం చేయాలో చెప్పే పేజీ ముందే కంప్యూటర్లోకి దించుకుంది.

శనివారం మధ్యాహ్నం కంప్యూటరును వైరుతో రౌటరుకు కలిపి పని మొదలుపెట్టింది. మధ్యలో కరెంటు పోతే రౌటరు పని అయిపోయినట్టే. కరెంటు పోలేదు. మా బాబాయి నిద్ర లేచాడు.

బాబాయికొక జబ్బుంది. గది దాటితే చాలు, గుమ్మం పక్కనున్న స్విచ్చులు ఆర్పేస్తాడు. స్నానం చేసేవాళ్ళను చీకట్లో నిలబెట్టిన ఘనుడు. ఆ రోజూ ఆవలిస్తూ హాలు దాటుతూ టక్కున ఒకటి నొక్కాడు. రౌటరు దీపాలన్నీ ఆరిపోయాయి.

"బాబాయ్! ఎంత పని చేశావ్!" నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆయన బిత్తరపోయి స్విచ్చి మళ్ళీ వేశాడు. ఒకే ఒక్క దీపం వెలిగి, ఉలకదు పలకదు. సాయంత్రం పాఠం గోవిందా అనుకున్నాను.

"అరిస్తే బాగవుతుందా? ఆ పేజీ తియ్యి" అంది పిన్ని. "ఏవండీ, అది ఆర్పి అక్కడే నిలబడండి. నేను చెప్పేదాకా ఊపిరి కూడా పీల్చకండి."

రౌటరు వెనక చిన్న కంత. అందులోకి గుండుసూది దించి, లోపలి బటను నొక్కిపట్టి ఉండగా కరెంటు ఇవ్వాలి. మొదట నేను పట్టాను. కోపంలో గట్టిగా పొడిచేసరికి సూది జారింది. "లే అవతలికి" అని పిన్ని అందుకుంది. ఏళ్ళ తరబడి సూది పట్టిన చెయ్యి, ఇసుమంతైనా కదల్లేదు.

"ఇప్పుడు వేయండి!"

దీపం గబగబా ఆరుతూ వెలగడం మొదలుపెట్టింది. ఇక ఫైలు తీసుకుంటుందన్నమాట. మళ్ళీ పంపాం. ముగ్గురం ఆ పెట్టెనే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి దీపాలు వరసగా వెలిగాయి. "అమ్మయ్య! సాధించాం!" అని బాబాయి కేకేశాడు, అంతా తనే చేసినట్టు.

సాయంత్రం కత్తెర గుడ్డమీద ఆనింది. కత్తెర కదిలింది, బొమ్మా కదిలింది. కాలరు మొన తిరిగేదాకా ఎక్కడా ఆగలేదు.

"టీచర్‌గారూ, దారప్పోగు కూడా కనిపిస్తోందండీ! వచ్చేవారం జేబు చెబుతారా?"

"చెబుతానమ్మా. జేబూ చెబుతాను, బొత్తాలూ చెబుతాను" అంటున్న పిన్ని కళ్ళు తడిశాయి. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

చెప్పినట్టే, జేబు పాఠం అయ్యాక బొత్తాల పాఠానికి నమూనా కుట్టింది. ఫోను పట్టుకుని హాల్లోకి వచ్చి అందరికీ చూపించింది. గుమ్మం పక్క రౌటరు స్విచ్చికి, బొత్తాలు పెట్టిన తొడుగు. అప్పుడే గది దాటుతున్న బాబాయి చెయ్యి అలవాటుగా అటు వెళ్ళి, బొత్తాలు తగిలి ఆగిపోయింది.

"విప్పాలంటే నన్నడగండి" అంది పిన్ని.

ఫోనులో అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వు ఎక్కడా తెగకుండా ఇల్లంతా వినిపించింది.