అత్త చేత చేయించిన గంగపూజ

చింతామణి నుంచి కైవారం పోయే దారిలో మా పొలం. అందులో గెర్కిన్ అనే బొటనవేలంత దోసకాయ పండిస్తున్నాను. మా ఊళ్ళో దాన్ని తినేవాడు ఒక్కడూ లేడు. ఉప్పునీళ్ళ డ్రమ్ముల్లో ఊరబెట్టి పరదేశాలకు ఓడ ఎక్కిస్తారు. పులుసుకు కూడా పనికిరాని కాయకు నా నీళ్ళు పోస్తున్నానని ఎవరైనా నవ్వితే నాకు చుర్రుమంటుంది. నా నీళ్ళట! ఆ మాట అనడానికి ఇంకా సిగ్గు రాలేదు.

ఈ సాగు మొదలుపెట్టిన ఏడాది ఆరుద్ర కార్తె పొడిగా పోయింది. అంతకుముందు రెండేళ్ళూ అదునులో రాని వాన కోతలప్పుడు కురిసి రాగిపంటను కుళ్ళబెట్టింది. పాత బోరు నీళ్ళకు బదులు గాలి కక్కుతోంది. టెంకాయ అరచేతిలో పెట్టుకొని జల చూసే ఆయన్ని పిలిపించాను. పొలం నడుమ టెంకాయ కొంచెం కదిలింది. గట్టు దగ్గర నిట్టనిలువుగా లేచి నిలబడింది.

"ఈడ జోరుగా ఉండాది. కానీ ఇది పక్కామె బోరుకు పోయే జలప్పా. ఈడ కొట్టిస్తే ఆమెది ఆరిపోతాది. నడుమనే ఏయించు," అన్నాడాయన.

నేను గట్టు దగ్గరే వేయించాను. ఆయన అన్న మాట ఎవరికీ చెప్పలేదు.

బోరుబండి వచ్చిన రోజు ముత్తైదువ గంగపూజ చేయాలి. మా ఆవిడ బాగేపల్లిలో, పుట్టింట్లో ఉంది. బండివాళ్ళు తొందరపెడుతున్నారు. ఎవర్ని పిలిచాననుకున్నారు? ఆ గట్టు అవతలి ఆమెనే. నాకు వరసకు అత్త. మల్బరీ ఆకు వేసుకొని, పట్టుపురుగులు పెంచి బతికే మనిషి. తలస్నానం చేసి, తన పెరటి కనకాంబరాలు కోసుకొని వచ్చింది. నేలకు పసుపు కుంకుమ పెట్టి, "తల్లీ, మా అల్లుని సేన్లోకి రామ్మా," అని మొక్కింది. అప్పుడైనా నేను నోరు తెరవలేదు. పాపిష్టివాణ్ణి.

నీళ్ళు ఎగజిమ్మాయి. నాకంటే ముందు ఆమే సంతోషంగా నెత్తిన చల్లుకుంది.

ఆర్నెల్లు తిరక్కముందే ఆమె బోరు ఎండింది. మల్బరీ మోడయింది. పురుగుల తట్టలు అటక ఎక్కాయి. ఇప్పుడామె నా పొలంలోనే కాయలు కోస్తోంది.

మొన్న మధ్యాహ్నం గంప దించి, నా పైపు దగ్గర నీళ్ళు తాగబోతూ అడిగింది.

"నా పూజలో ఏమన్నా తప్పు జరిగిందేమప్పా? నీకాడికి వచ్చిన తల్లి నాకాడ ఎందుకు పోయె?"

"నీ తప్పేం లేదత్తా. వానల్లేవు కదా, అంతటా ఇట్లే ఉండాది."

అది అబద్ధమూ కాదు. అందుకే దాని చాటున దాక్కున్నాను.

"ఇంకోతూరి చూపిస్తాను. నీకు చూసినాయప్ప యాడుండాడు? ఆయన చెయ్యి మంచిది. పిలుచుకొని రాప్పా."

ఆ పొద్దున్నే కెంచార్లహళ్ళిలో ఎవరి చేన్లోనో ఆయన టెంకాయ పట్టుకొని నడుస్తుంటే చూసి కూడా, బండి ఆపకుండా వచ్చేశాను.

"ఆయప్ప చూసేది మానేసినాడత్తా," అన్నాను.

"పోనీలేప్పా, నీకైనా చూసిపెట్టి మానేసినాడు," అని గంప ఎత్తుకొని మళ్ళీ సాళ్ళలోకి దిగింది.